గాలి పంపు (కోయి చేపల కుంట)

బయటి గాలిని గొట్టం ద్వారా కుంట అడుగుకు నెట్టి, అక్కడి నుంచి బుడగలుగా పైకి వదిలే చిన్న విద్యుత్ యంత్రం గాలి పంపు. అక్వేరియం దుకాణాల్లో దీన్ని 'ఆక్సిజన్ మోటరు' అని అడుగుతారు. ఆ పేరు సగమే నిజం. ఇది ఆక్సిజన్‌ను తయారు చేయదు. బుడగల్లోని ఆక్సిజన్‌లోనూ నీటిలో కలిసేది బహు కొద్ది. పంపు చేసే అసలు పని నీటిని తిరగేయడం. పైకి లేచే బుడగల వెంట అడుగు నీరు పైకి వస్తుంది, గాలి సోకి మళ్ళీ కిందికి దిగుతుంది.

ఈ పనిని కరెంటు లేకుండా చేసే కట్టడం కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉంది. మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగు మీద 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు నిండినప్పుడు నీళ్ళు అలుగు దూకుతాయి. ఆ తెల్లటి నురగంతా నీళ్ళు పట్టుకున్న గాలే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో అలుగు పారని రోజుల్లోనూ విశాలమైన నీటి మీద గాలికి లేచే అలలు చేపలకు ఊపిరి అందిస్తాయి. నాలుగు గోడల మధ్య కట్టిన పెరటి కుంటకు అలుగూ లేదు, అలలూ లేవు. ఆ లోటు పంపు తీర్చాలి.

కోయి జపాన్‌లోని నీగాటా ప్రాంతంలో 19వ శతాబ్దంలో రంగుల కోసం ఎంచి పెంచిన కార్ప్ చేప. మన చెరువుల్లోని బంగారు తీగకు దగ్గరి చుట్టం. నీగాటాలో చలికాలమంతా మంచు. అలాంటి చలిదేశాల పుస్తకాలు గాలి పంపు గురించి చెప్పేటప్పుడు కుంట మీద మంచు పూర్తిగా గడ్డకట్టకుండా చూడటం గురించి కూడా రాస్తాయి. కామారెడ్డిలో ఆ పేజీలతో పని లేదు. ఇక్కడి శత్రువు మే నెల.

నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది; 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. కామారెడ్డి సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి ఒత్తిడి తక్కువ, ఆ 7.6 కూడా సుమారు 7.1కి దిగుతుంది. కోయి హాయిగా ఉండాలంటే కనీసం 5 ఉండాలి, 6 ఉంటే మేలు. అంటే ఎండాకాలంలో చేతిలో ఉన్న మిగులు ఒకటి రెండు మిల్లీగ్రాములే. వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చేమో పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎలా ఉంటుందో మే నెల కుంటా అలాగే ఉంటుంది.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్టకు ఈ బాధ లేదు. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. కోయికి మొప్పలే దిక్కు. తెల్లవారుజామున కోయిలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయంటే అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. పగలు ఆక్సిజన్ ఇచ్చిన పచ్చటి నాచు రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. తెల్లారేసరికి నీరు బీదదవుతుంది.

పరిమాణం లెక్క

ముందు కుంటలో ఎన్ని నీళ్ళున్నాయో తెలియాలి. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2, లోతు 1.2 అనుకుంటే 7.2 ఘనపు మీటర్లు, అంటే 7,200 లీటర్లు. ప్రతి వెయ్యి లీటర్లకు నిమిషానికి 6 నుంచి 10 లీటర్ల గాలి అన్నది వాడుకలో పనికొచ్చే లెక్క. ఈ కుంటకు నిమిషానికి 60 లీటర్ల పంపు సరిపోతుంది.

ఆ 60 లీటర్ల పంపు గుండా గంటకు 900 గ్రాములకు పైగా ఆక్సిజన్ పోతుంది. మీటరు లోతు నుంచి లేచే బుడగల్లోంచి, నీటిలో అప్పటికే లీటరుకు 5.5 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు, కలిసేది ఉజ్జాయింపుగా 5 గ్రాములు! మిగిలినదంతా పైకొచ్చి గాలిలో కలిసిపోతుంది. కుంటలో మొత్తం 7 కిలోల కోయిలుంటే వాటికి గంటకు రెండు గ్రాముల దాకా, వడపోత పెట్టెలోని బాక్టీరియాకు ఇంచుమించు మరో అంత కావాలి. కాబట్టి లెక్క సరిపోతుంది గానీ బొటాబొటిగా. చేపలు రెట్టింపైతే గాలీ పెరగాలి.

డబ్బా మీద రాసిన అంకె లోతు లేనప్పటిది కావచ్చు. మీటరు లోతు నీరు చదరపు సెంటీమీటరుకు 0.1 కిలో ఒత్తిడితో ఎదురు నిలుస్తుంది. లోతు పెరిగితే వచ్చే గాలి తగ్గుతుంది. 1.2 మీటర్ల లోతులో ఎంత గాలి ఇస్తుందో అడిగి కొనాలి. సన్నటి గొట్టం, దాని చివర గాలిని బుడగలుగా చీల్చే ఎయిర్ స్టోన్ పూడుకుపోవడం కూడా లోతు పెంచినట్టే పనిచేస్తాయి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైన చోట ఎయిర్ స్టోన్ల మీద తెల్లటి పొర కడుతుంది. వాటిని తీసి వెనిగర్‌లో నానబెట్టి, కడిగి పెట్టుకోవాలి. బోరు నుంచి వచ్చే నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి కుంటలోకి వదిలేటప్పుడు ఎత్తు నుంచి జల్లుగా పడేలా చూడాలి.

నడిపే తీరు

ఈ పంపులో విద్యుదయస్కాంతం కరెంటు అలకు తగ్గట్టు ఒక కడ్డీని అటూ ఇటూ ఆడిస్తుంది. ఆ కడ్డీ రెండు రబ్బరు పొరలను కొట్టుకుంటూ గాలిని నెడుతుంది. ముందు పాడయ్యేవి ఆ పొరలే. వేడికి, దుమ్ముకు అవి తొందరగా చిట్లుతాయి. అందుకే రేకుల షెడ్డులో పెట్టకూడదు. నీడలో, గాలి ఆడే చోట, కుంట నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కిందే పెట్టక తప్పకపోతే గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు బిగించాలి. లేకుంటే కరెంటు పోగానే కుంట నీళ్ళు గొట్టం గుండా పంపులోకి వస్తాయి.

పంపును రాత్రీ పగలూ నడపాలి. బిల్లు తగ్గించుకోవడానికి రాత్రి ఆపడం అన్నిటికన్నా తప్పు లెక్క. 45 వాట్ల పంపు రోజంతా నడిస్తే సుమారు ఒక యూనిట్టు కాలుతుంది.

ఒక పెద్ద పంపు కన్నా రెండు చిన్న పంపులు మంచివి. ఒకటి ఆగినా రెండోది చేపలను తెల్లారేదాకా నిలబెడుతుంది. పంపును సగటు రోజుకు కాక అన్నిటికన్నా చెడ్డ రాత్రికి సరిపడేలా ఎంచాలి. ఆ రాత్రి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. పగలంతా ఉక్కపోత, సాయంత్రం గాలిదుమారం, ఆపై కరెంటు పోవడం. 2025 ఆగస్టు చివరి వారం కామారెడ్డి జిల్లాలో కురిసిన వానకు రైలు పట్టాల కింది మట్టే కొట్టుకుపోయింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 150 ఆంపియర్ అవర్ల ఇంటి బ్యాటరీలో సగం వాడుకున్నా ఒక పంపు రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టరు సైన్ వేవ్ రకం అయితే పంపు వేడెక్కకుండా, రొద చేయకుండా ఉంటుంది.

బ్యాటరీ కూడా లేనప్పుడు బకెట్టుతో కుంట నీళ్ళే తోడి, నడుమెత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండాలి. చేపలు కిందికి దిగేదాకా ఆపకూడదు. మర్నాడు కరెంటు వచ్చాక కూడా ఒక పూట మేత వేయకండి.