గొలుసు కొలిచినంతయే

కోస్తాలో గాని రాయలసీమలో గాని ఏ రైతు నడిగినను తన పొలము రెండెకరముల డెబ్బదిరెండు సెంట్లని తడుముకొనక చెప్పును. ఆ మాటలో బిందువునకు కుడివైపున రెండు స్థానముల దశాంశగణిత మిమిడియున్నది. మీటరు ఈ దేశమున అడుగు పెట్టకమునుపే, బడి మొగ మెరుగని కర్షకుని నోటికి దశాంశములను అలవరచిన ఆ సెంటు కథ విచారింపదగినది.

పూర్వము కొలతకు దేహమే ఆధారము: పన్నెండంగుళములు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. కాని ఒకని మూరకును మరియొకని మూరకును భేద ముండుటచేత, పన్ను గోరు ప్రభువునకును చెల్లించు కాపునకును తగవు తప్పదు. అందుచేతనే కౌటిల్యుడు సామాన్యదండమునకు 96 అంగుళములును, బాటలను కోటగోడలను కొలుచు ధనువునకు 108 అంగుళములును నిర్ణయించెను. కాకతీయుల కాలపు దానశాసనములలో కేసరిపాటి గడ వంటి పేళ్లు చెక్కబడుటకును కారణ మిదియే. ఏ గడతో కొలిచిరో చెప్పని కొలతకు విలువ లేదని ఆ దాత లెరుగుదురు.

1620 ప్రాంతమున ఎడ్మండ్ గంటర్ అను ఆంగ్ల గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసును 100 లింకులుగా విభజించెను. అడుగులు ఆ దేశపు పాత లెక్క. నూరు మాత్రము 1585లో సైమన్ స్టెవిన్ ఐరోపాలో ప్రచారము చేసిన దశాంశపద్ధతికి అనుగుణమైనది. పది చదరపు గొలుసు లొక ఎకరము గనుక లక్ష చదరపు లింకు లెకరమును, వేయి చదరపు లింకులు సెంటును అగును. అడుగులతో 43,560 చేత భాగింపవలసిన శ్రమ, బిందువును ఐదు స్థానములు జరుపుటతో తీరిపోవును. మదరాసు ప్రభుత్వపు సర్వేతో ఈ గొలుసు మన గట్ల మీదికి వచ్చెను. ఇద్దరు మనుష్యులు దానిని బిగలాగుదురు. పది లింకుల కొకటిగా వ్రేలాడు ఇత్తడి బిళ్లకు ఎన్ని పండ్లున్నవో చూచి పదులు లెక్కింతురు. గొలుసు నిండినచోట ముందువాడు నేల గ్రుచ్చిన ఇనుప పుల్లను వెనుకవాడు పీకి కూర్చుకొనును.

ఒక చేను 635 లింకుల పొడవు, 428 లింకుల వెడల్పు అనుకొందము. గుణింపగా 2,71,780 చదరపు లింకులు, అనగా 2.7178 ఎకరములు. ఈ నాలుగు స్థానములును నమ్మదగినవా? ఉక్కుకడ్డీల నడుమ కడియములు అరిగి గొలుసు సాగును. గట్టు వంకర పోవును. ఇరుదిక్కుల ఒక్కొక్క లింకు, అనగా ఎనిమిదంగుళములకు లోపే, తప్పినను వైశాల్యమున సుమారు ఒక సెంటు తేడా వచ్చును. కావున చివరి 78 కొలత కాదు, గుణకారపు శేషము మాత్రమే. దానిని సవరించి 2.72 అని వ్రాసిన కరణము భూమిని దొంగిలించినవాడు కాడు, సత్యమును కాపాడినవాడు.

అంకెలు పెంచుకొను అధికారము శ్రమచేత రావలెను. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మదరాసు పరంగిమల చెంత నూరడుగుల ఉక్కు గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, ఎండ తగులకుండ కాపాడి, ప్రక్కన ఉష్ణమాపకము లుంచి, వేడికి ఉక్కు సాగుదలను లెక్కగట్టుచు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలిచెను. అట్టివాడు అడుగులో భాగములు వ్రాసిన మనము చేతులు జోడింపవలసినదే. వ్యాసము 20,000 అయిన వృత్తమునకు పరిధి 62,832 అని చెప్పిన ఆర్యభటుడు అది ఆసన్నమే యని అచ్చటనే చెప్పుట అంతకంటె గొప్ప.

నైజాము సీమలో దారి వేరు. అచ్చట 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు; ఆ గొలుసు చదరము గుంట, నలుబది గుంటలు ఎకరము. నేటికిని తెలంగాణమున గుంటయు ఆంధ్రమున సెంటును వ్యవహారమున నున్నవి. గుంట రెండున్నర సెంట్లు.

సవరించుటకును న్యాయము కలదు. సరిగా సగమున నిలిచిన అంకెను ఎల్లప్పుడు పైకే నెట్టినచో, వందల చేల మొత్తము ఊరి విస్తీర్ణమును మించిపోవును. అందుకే భారత ప్రమాణములలో రెండవ సంఖ్యగా వెలసిన సూత్రము, అట్టి సగమును సమీపమందలి సరిసంఖ్యకు చేర్పుమన్నది: 2.345 అన్నది 2.34 అగును, 2.355 అన్నది 2.36 అగును. పల్లపు గట్టు మీద నిలిచిన ఇరుపొరుగు రైతులకు ఇంతకంటె నిష్పక్షపాతమైన తీర్పు లేదు.

ఇప్పుడు యంత్రము 2.72 ఎకరములను హెక్టారులుగా మార్చి 1.1007449 అని చూపును. అందలి చివరి స్థానము పది చదరపు సెంటీమీటర్ల నేల. దానిని ఏ గొలుసును కొలువలేదు. దస్తావేజులు వ్రాయువారు 1.101 అని వ్రాసి అంతటితో ఆగవలెనని నా మనవి.