లాగిన్ వెనక ఓ చెక్కముక్క

పోయిన వారం మా జూనియర్ రాసిన యూజర్ మాన్యువల్ చూస్తున్నాను. మొదటి వాక్యంలోనే 'లాగిన్ చెయ్యండి' అన్న ఇంగ్లీషు మాటని ఒకే పదంగా కలిపేశాడు. క్రియగా వాడితే 'లాగ్ ఇన్' అని విడిగా రాయాలి, 'లాగిన్ పేజీ'లా పేరుగా వాడితేనే కలపాలి అని కాస్త పెద్దరికం చూపించాను. అతను ఊరుకోడే! "సరే అన్నా, ఇంతకీ లాగ్ అంటే ఏంటి? దేని లోపలికి వెళ్తున్నాం?" అన్నాడు.

రోజుకి పదిసార్లు చేసే పని, జవాబు మాత్రం తెలీదు. నాకు తెలిసిన లాగ్‌లు రెండే. ఒకటి ఇంటర్ లెక్కల్లోది, రెండోది అర్ధరాత్రి ఎర్రర్ కోసం వెతికే ఫైలు. ఇంటికెళ్ళి తవ్వితే తేలిందేమిటంటే, ఈ లాగ్ అచ్చంగా చెట్టు దుంగే!

నడిసముద్రంలో ఓడ ఎంత వేగంతో పోతోందో తెలిసేదెలా? అక్కడ మైలురాళ్ళుండవు కదా. అందుకని నావికులు తాడు కట్టిన ఓ చెక్కముక్కని వెనక నీళ్ళలోకి విసిరేవాళ్ళు. చెక్క నీళ్ళలో నిలబడిపోతుంది, ఓడ ముందుకెళ్తుంది, తాడు జారుతూ ఉంటుంది. విలియం బోర్న్ అనే ఇంగ్లీషాయన ఈ పద్ధతిని 1574లోనే పుస్తకంలో రాశాడు. తర్వాత్తర్వాత లెక్క ఇంకా కుదిరింది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకో ముడి. ఇసుక గడియారంలో 28 సెకన్లు అయ్యేలోపు ఎన్ని ముడులు జారితే గంటకి అన్ని నాటికల్ మైళ్ళు. ఓడల వేగాన్ని ఇప్పటికీ 'నాట్స్'లో చెప్పేది అందుకే. (మన తెలుగులో చూసినా, ఓడ 'లాగిన' తాడే కదా :))

ఆ వేగాన్నీ, దిశనీ, గాలినీ రాసుకునే పుస్తకం లాగ్ బుక్ అయింది. రానురాను పద్దులో ఏది ఎక్కించినా 'లాగ్' చెయ్యడమే అయింది.

ఇక కంప్యూటర్ల సంగతి. 1961లో ఎమ్ఐటీలో ఫెర్నాండో కోర్బతో బృందం సీటీఎస్ఎస్ అనే టైమ్ షేరింగ్ వ్యవస్థని చూపించింది. ఒకే మెషీన్‌ని చాలామంది ఒకేసారి వాడుకోవడం అన్నమాట. మెషీన్ టైము బంగారం కంటే ప్రియం. ఎవరు ఎంత వాడారో లెక్క ఉండాలి. అందుకే వచ్చినవాళ్ళు ముందు 'లాగిన్' కమాండ్ కొట్టాలి, వెళ్ళేటప్పుడు 'లాగౌట్'. అంటే మా వాడి ప్రశ్నకి జవాబు: మనం ఎక్కడికీ లోపలికి వెళ్ళడం లేదు, పద్దులో పేరు ఎక్కిస్తున్నాం.

పద్దు ఉన్నచోట దాన్ని దాటే తెలివీ ఉంటుంది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలే ఇచ్చారు. చాలక, 1962లో ఆయన పాస్‌వర్డుల ఫైలునే ప్రింటు తీయించుకుని ఇతరుల ఖాతాల్లో పని కానిచ్చాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి ఆయనే చెప్పాడు.

1969 అక్టోబర్ 29 రాత్రి ఆర్పానెట్ మీద మొదటి సందేశం పంపబోయిందీ ఈ మాటే. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ నుంచి చార్లీ క్లైన్ అనే విద్యార్థి స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ కంప్యూటర్‌కి 'ఎల్' పంపాడు, 'ఓ' పంపాడు, 'జీ' దగ్గర అవతలి సిస్టమ్ క్రాష్! గంట తర్వాత గానీ పూర్తి లాగిన్ కుదర్లేదు. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయినప్పుడు నేను తలుచుకుని ధైర్యం తెచ్చుకునే కథ ఇది.

ఇంత చదివాక ఒకటి మాత్రం మనసులో గుచ్చుకుంది. అప్పట్లో లెక్కేసింది మెషీన్ టైముని. మెషీన్లు చవకయ్యాయి, లెక్క మాత్రం మన మీదకి తిరిగింది. ఇదివరకు నేను చేసిన ఒక ప్రాజెక్టులో 'లాగిన్ అవర్స్' తొమ్మిదికి తగ్గితే మెయిలొచ్చేది. ఒక రాత్రి తెల్లవార్లూ ఇంట్లోంచి ఫోన్ మీదే ఉండి సర్వర్ నిలబెట్టాం. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకెళ్తే నాకు సగం రోజు సెలవు రాశారు. ఫోన్‌లో చేసిన పని పద్దులోకి ఎక్కలేదుగా!

నావికులు చెక్క విసిరింది ఎంత దూరం వచ్చామో తెలుసుకోవడానికి. మన పద్దులో ఎంతసేపు కూర్చున్నామన్నదే ఉంటుంది. ఒడ్డున కట్టేసిన ఓడలో కూడా లాగ్ బుక్ నింపొచ్చు, దూరం మాత్రం సున్నా.

మర్నాడు ఇదంతా మా జూనియర్‌కి చెప్పాను. శ్రద్ధగా విని, "మరి బూట్ అంటే ఏంటన్నా?" అన్నాడు.

లాగౌట్ చేసి టీకి వెళ్ళిపోయాను.