లిమిటెడ్ ఎడిషన్ బండికి రేటు నిలబడుతుందా? ఆర్‌ఎక్స్ 100 చెప్పే అసలు చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రశ్న మీదే. కంపెనీ వాడు "లిమిటెడ్ ఎడిషన్" అని పేరు పెట్టి, ట్యాంకు మీద నంబరు కొట్టి అమ్మిన బండి, పదేళ్ల తర్వాత కనీసం కొన్న రేటుకైనా పోతుందా?

అమెరికాలో ఈ ప్రశ్న మజిల్ కార్ల గురించి అడుగుతారు. మజిల్ కారు అంటే ఏం లేదండి, మామూలు సైజు కారులో పెద్ద వీ8 ఇంజిన్ పెట్టేస్తారు. మస్టాంగ్, ఛాలెంజర్, కమారో, ఇవన్నీ ఆ బాపతే. మన గోదావరి జిల్లాల్లో అలాంటి కార్లు ఎన్నుంటాయి చెప్పండి? కానీ ఆ వాదన మాత్రం రాజమండ్రి, భీమవరం, అమలాపురం మెకానిక్ షెడ్లలో రోజూ నడుస్తూనే ఉంటుంది. కాకపోతే రెండు చక్రాల మీద. దాని పేరు యమహా ఆర్‌ఎక్స్ 100.

ముందు అమెరికా కథ మూడు ముక్కల్లో చెప్పేసి, మన కాలువ గట్టు మీదకి వచ్చేద్దాం.

మొదటి ముక్క. 1971లో ప్లిమత్ కంపెనీ హెమీ కుడా అనే కారు అమ్మింది. అందులో టాప్ తెరుచుకునే మోడల్ ఆ ఏడాది తయారైంది 11 మాత్రమే అంటారు. కంపెనీ వాడేమీ "పదకొండే చేస్తా" అని ప్రకటించలేదు. జనం కొనలేదు, అంతే. రేటు ఎక్కువ, పెట్రోలు తాగుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీలు ఇలాంటి కార్లకి ప్రీమియం మోత మోగించేస్తున్నాయి. షోరూంలో ఎవరికీ అక్కర్లేని ఆ కారు ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది.

రెండో ముక్క. 1978లో ఇండియానాపోలిస్ 500 రేసు పేరు మీద షెవర్లే వాళ్లు ఒక స్పెషల్ కార్వెట్ వదిలారు. నలుపు, వెండి రంగు. మొత్తం 6,502 కార్లు, ఒక్కోటి 13,653 డాలర్లు. "ఇది బంగారం, కొని దాచేయండి" అని దేశమంతా గోల. చాలామంది నడపకుండా, సీటు కవరు కూడా విప్పకుండా గ్యారేజీలో పెట్టేశారు. ఏమైంది? అందరూ దాచేసిన వస్తువుకి కొరత ఎక్కడ్నుంచి వస్తుందండీ? అప్పటి 13,653 డాలర్లతో వచ్చే సరుకు ఇప్పుడు కొనాలంటే 60 వేల డాలర్ల పైమాటే. ఆ కార్లలో చాలావాటికి అందులో సగం కూడా రావట్లేదు.

మూడో ముక్క ఈమధ్యదే. 2018లో డాడ్జ్ వాళ్లు ఛాలెంజర్ డీమన్ అని 840 హార్స్‌పవర్ కారు తెచ్చారు. 3,300 మాత్రమే అన్నారు. మాట మీద నిలబడ్డారు కూడా. కానీ ఐదేళ్లకి, 2023లో, అదే కంపెనీ డీమన్ 170 అని 1,025 హార్స్‌పవర్‌తో ఇంకోటి దింపింది. అంటే ఏంటి? కంపెనీ నీకిచ్చిన మాట సంఖ్య గురించే. "దీన్ని మించింది ఇక చెయ్యను" అని ఎవడూ రాసివ్వడు.

సరే, ఇప్పుడు మన దేశం.

1983లో ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ 350 తెచ్చింది. యమహా ఆర్‌డీ 350కి మన దేశపు రూపం. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ, దాదాపు 30 హార్స్‌పవర్. స్కూటర్లు, మోపెడ్లు నడిచే రోడ్ల మీదకి ఇది వచ్చిందంటే ఊహించుకోండి. దానికి ఎగ్జాక్ట్‌గా హెమీ కుడా గతే పట్టింది. రేటు ఎక్కువ, మైలేజీ లేదు, స్పేర్లు దొరకవు. పైగా "రాపిడ్ డెత్" అని పేరు పడింది. ఎనభైల చివరికల్లా కథ అయిపోయింది. అప్పట్లో వద్దు బాబోయ్ అన్న బండిని ఇప్పుడు లక్షలు పెట్టి వెతుక్కుంటున్నారు.

అదే ఎస్కార్ట్స్ 1985 చివర్లో ఆర్‌ఎక్స్ 100 వదిలింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల చిల్లర. ఇక్కడ ఒక పోలిక చూడండి. అదే ఏడాది హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. అది 97 సీసీ, పవరు ఏడు హార్స్‌పవర్ చిల్లర. మైలేజీలో సీడీ 100ని కొట్టేది లేదు, గుమాస్తా గారి దగ్గర్నుంచి మాస్టారి దాకా అదే కొన్నారు. ఆర్‌ఎక్స్ 100 మాత్రం చిన్న ఒంట్లో పెద్ద ఊపు. మజిల్ కారు సూత్రమే ఇది, మన సైజులో. ఇవాళ సీడీ 100 ఎంత బాగా ఉంచినా ఆర్‌ఎక్స్ రేటు పలకదు. బుద్ధిగా పనికొచ్చిన బండిని జనం మర్చిపోయారు, అల్లరి బండిని గుర్తుపెట్టుకున్నారు.

మరి మన డెల్టాలో దీనికి ఇంత పిచ్చి ఎందుకు? మా నాన్న తరం వాళ్లని అడిగితే చెప్తారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు, కాలువల పక్కన గట్లు, ఆ గట్ల మీదే దారి. వానాకాలంలో ఆ నల్లమట్టిలో బరువు బండి దిగిందంటే నలుగురు పట్టాలి. ఆర్‌ఎక్స్ తేలిక. లంక ఊళ్లకి వెళ్లాలంటే బండిని పడవ ఎక్కించాలి, నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాలి. ఇద్దరు మనుషులు ముందో చెయ్యి వెనకో చెయ్యి వేస్తే లేచిపోయే బండి ఇది. పాల క్యాన్లు, మేత మోపులు, తొంభైల్లో రొయ్యల చెరువులు వచ్చాక మేత బస్తాలు, అన్నీ దీని మీదే. దాచుకోవడానికి ఎవరూ కొనలేదండి. అరగదీయడానికే కొన్నారు.

పైగా మన గాలి సంగతి తెలిసిందే. కోనసీమ ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పు పడుతుంది, రిమ్ములు పొక్కులొస్తాయి. 1986 ఆగస్టులో గోదావరికి చరిత్రలోనే పెద్ద వరద, అప్పటికి ఈ బండి వచ్చి ఏడాది కూడా కాలేదు. 1996 నవంబర్ 6న కోనసీమ తుఫాను, వెయ్యి మందికి పైగా పోయారు. మనుషులే పోయిన చోట బళ్ల లెక్క ఎవరు రాసుకుంటారు? అదే 1996లో, కొత్త పొగ నిబంధనలు వచ్చిన ఏడాదే, ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయింది. తర్వాత ఆర్‌ఎక్స్ 135 కొన్నేళ్లు నడిచింది, అదీ వెళ్లిపోయింది. రేపు ఆ పేరుతో కొత్త బండి వచ్చినా, ఆ టూ స్ట్రోక్ శబ్దం, ఆ టూటీ ఆయిల్ పొగ వాసన వెనక్కి రావడం కష్టం.

ఇప్పుడు గమనించండి. ఆర్‌ఎక్స్ 100 మీద ఎక్కడా లిమిటెడ్ అని లేదు. పదేళ్లకి పైగా అడిగిన వాడికల్లా అమ్మారు. వాడకం, వరద, తుప్పు, పాత సామాన్ల వాడు, ఆఖరికి ప్రభుత్వ నిబంధన, ఇవన్నీ కలిసి దాన్ని లిమిటెడ్ చేశాయి. ఇంకోటుంది. అప్పుడు పదో క్లాసులో ఉండి, బావగారి బండి వెనక కూర్చున్న కుర్రాళ్లకి ఇప్పుడు నలభై ఐదేళ్లు. చేతిలో డబ్బుంది. రేటు పెంచేది ఆ తరం. వాళ్ల తర్వాత వచ్చే వాళ్లకి ఆ మోజు అంతే ఉంటుందా అంటే గ్యారంటీ లేదు.

అసలైన లిమిటెడ్ ఎడిషన్ సంగతి చూద్దాం. 2018 జూలైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500 పెగాసస్ వదిలింది. ప్రపంచం మొత్తానికి 1,000, మన దేశానికి 250. ఆన్‌లైన్లో 178 సెకన్లలో అయిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యారాచూట్‌తో దింపిన బుల్లి బండి గుర్తుగా చేశారు, కథ బాగుంది. ఇంజిన్ మాత్రం మామూలు క్లాసిక్ 500దే. రంగు, సంచులు, నంబరు వేరు. తర్వాతి నెలలోనే క్లాసిక్ 350లో ఏబీఎస్ ఉన్న సిగ్నల్స్ మోడల్ వచ్చింది, పెగాసస్‌కి ఏబీఎస్ లేదు. కొన్నవాళ్లు కొందరు రోడ్డెక్కి గొడవ చేశారు కూడా. 250 మందీ బండిని ముద్దుగా దాచుకుంటే, అది 1978 కార్వెట్ కథే అవుతుంది.

నిజం మజిల్ కారు కూడా మన దేశానికి వచ్చిందండోయ్. 2016లో ఫోర్డ్ మస్టాంగ్, ఢిల్లీ ఎక్స్ షోరూం 65 లక్షలు. అందులో దిగుమతి సుంకమే బోలెడు. నువ్వు అమ్మేటప్పుడు ఆ సుంకం నీకెవడూ తిరిగివ్వడు. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీయే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అరుదైన బండే, కాదనను. కానీ బంపర్ పగిలితే ఎక్కడ తెస్తావ్? ఆర్‌ఎక్స్‌కి అయితే రాజమండ్రిలో బోరు కొట్టి, పిస్టన్ వేసి, సాయంత్రానికి కిక్కు కొట్టి ఇచ్చే మనిషి ఇంకా ఉన్నాడు. చెయ్యి తిరిగిన మెకానిక్ ఉన్నంత కాలమే ఏ పాత బండికైనా రేటు.

మొన్న అమలాపురం దగ్గర్నుంచి ఒక బీటెక్ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆర్‌ఎక్స్ 100 లక్షన్నర చెప్తున్నారు. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి తీసుకుందామనుకుంటున్నా. మూడేళ్లలో డబుల్ అవుద్దంట కదా?" అని. ఇది చదివాకే ఈ ఎపిసోడ్ చెయ్యాలనిపించింది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఎక్సెల్ షీట్ల ముందు కూర్చుని వచ్చినోడిని కాబట్టి లెక్క వేసే చెప్తా.

లక్షన్నర అప్పు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుందాం. నెలకి సుమారు 5,130 కట్టాలి. మొత్తం లక్షా 84 వేలు దాటుతుంది. అంటే మూడేళ్లలో బండి రేటు 23 శాతం పెరిగితేనే నువ్వు మొదలుపెట్టిన చోట నిలబడతావ్. రీబోరు, టైర్లు, పెయింటు, ఇన్సూరెన్స్ ఇందులో లేవు.

పాత లెక్క కూడా చూడు. 1990లో ఎవరో 20 వేలు పెట్టి బండి కొన్నారనుకుందాం. అదే 20 వేలు 8 శాతం చక్రవడ్డీకి 35 ఏళ్లు వదిలేస్తే సుమారు 2 లక్షల 95 వేలు. ఇవాళ మంచి ఆర్‌ఎక్స్‌కి లక్ష దాటి అడిగితేనే మనం నోరు తెరుస్తున్నాం. రేటు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ బ్యాంకు దాన్ని ఎప్పుడో దాటేసింది.

కాగితాల సంగతి కూడా చెప్పేస్తా, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 1996 బండికి 2011, 2016, 2021, 2026. ఇవన్నీ కట్టారో లేదో ఆర్సీ చూసి కనుక్కోవాలి. మన దగ్గర పాత నంబరుకి మోజు ఎక్కువ. ఏపీ 05 అంటే తూర్పు, ఏపీ 37 అంటే పశ్చిమ. 2019 జనవరి ఆఖర్నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యింది కాబట్టి ఆ నంబర్లు కొత్త బండికి రావు. కానీ నంబరు ప్లేటు చూసి డబ్బులివ్వకండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. "జపాన్ ఇంజిన్" అని పది వేలు ఎక్కువ అడుగుతారు. మొదట్లో జపాన్ విడిభాగాలతో బిగించిన బళ్లు ఉన్న మాట నిజమే, కానీ ముప్పై ఏళ్లలో ఆ ఇంజిన్ మీద ఎన్ని చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు?

ఇన్సూరెన్స్ ఇంకోటి. ఓన్ డ్యామేజ్ పాలసీలో ఐదేళ్లు నిండేసరికే బండి విలువలో సగం తీసేస్తారు, ఆ తర్వాత కంపెనీతో మాట్లాడుకున్నంతే. దొంగ ఎత్తుకుపోతే నువ్వు పెట్టిన లక్షన్నర రాదు. "వింటేజ్" అని చెప్పి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. మొట్టమొదటి ఆర్‌ఎక్స్ 100కి ఆ వయసు వచ్చేది 2035లో. అప్పుడు కూడా ఆ నంబరు మీద రోజూ కాలేజీకి నడపడానికి కుదరదు.

కాబట్టి తమ్ముడూ, నీకు నా సమాధానం. అమ్మ గొలుసు అమ్మ దగ్గరే ఉండనీ. ఉద్యోగం వచ్చాక, జీతం మిగిలితే, పోయినా పర్లేదు అనుకున్న డబ్బుతో కొనుక్కో. ఆదివారం పూట గట్టు మీద నడుపుకో. రేటు పెరిగితే అది అదృష్టం కింద లెక్క, ప్లాన్ కింద కాదు. "లిమిటెడ్" అనే మాట వినపడితే మాత్రం నాలుగు ప్రశ్నలు అడుగు. జనం దీన్ని వాడి పాడుచేస్తారా, దాచేస్తారా? ఇలాంటిది మళ్లీ తయారు చెయ్యకుండా ఏదైనా అడ్డు ఉందా? కొనలేక ఆశపడి చూస్తున్న వాళ్లు ఎంతమంది? బాగుచేసే చెయ్యి మన ఊళ్లో ఉందా?

మీ ఇంట్లో ఇంకా పాత ఆర్‌ఎక్స్, యెజ్డీ, రాజ్‌దూత్ ఏదైనా ఉంటే అది ఏ సంవత్సరంది, ఎవరు కొన్నారు, అప్పట్లో ఎంతకి కొన్నారు అనేది నాన్నగారినో తాతగారినో అడిగి కామెంట్‌లో రాయండి. ఆర్సీ ఫోటో పెట్టేవాళ్లు నంబర్లు కనపడకుండా చెరిపేసి పెట్టండి. నచ్చితే మీ ఫ్రెండ్స్‌కి, ముఖ్యంగా అప్పు చేసి బండి కొందామని తిరుగుతున్న వాడికి పంపండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఉంటానండి.