పునాదిరాయి ఒకచోట, నమాజు మరోచోట

1937 జూన్ 4. లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకం జరిగి ఇంకా నెల తిరగలేదు. పశ్చిమ కెన్సింగ్టన్‌లోని మోర్నింగ్టన్ అవెన్యూలో హైదరాబాదు యువరాజు ఆజం జా ఒక మసీదుకు శంకుస్థాపన చేశారు. పేరు ముందే ఖాయమైంది: నిజామియా మసీదు. తండ్రి, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అంతకు తొమ్మిదేళ్ల కిందటే దానికోసం 60,000 పౌండ్లు ఇచ్చి ఉన్నారు. డబ్బుంది, జాగా ఉంది, వెనక నిజాం అండ ఉంది. మసీదు మాత్రం ఆ జాగాలో ఏనాడూ లేవలేదు.

ఆ రోజుల్లోనే నగరానికి తూర్పు కొసన, ఈస్ట్ ఎండ్ అనే రేవు పేటల్లోని కమర్షియల్ రోడ్డులో, కింగ్స్ హాల్ అనే అద్దె హాలులో ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు జరుగుతుండేది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఓడ కళాసీలు, వంటవాళ్లు, వీధుల్లో తిరిగి సరుకులమ్ముకునేవాళ్లు. నమాజు కాగానే హాలు ఖాళీ చేసి ఇచ్చేయాలి. పేరుమోసిన పెద్దలు పునాదులు వేస్తుంటే, పేరులేని కూలీలు చాపలు పరుచుకున్నారు. లండన్ ముస్లింల దినచర్య ఎలా కుదురుకుందో తెలియాలంటే ఈ రెండో వీధిలోనే ఎక్కువసేపు నిలబడాలి.

కళాసీలు ఆ నగరానికి కొత్తవాళ్లేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచీ బెంగాలు, గుజరాతు, యెమెన్ తీరాల మనుషులు అక్కడి రేవుల్లో దిగుతూనే ఉన్నారు. తెల్ల నావికులకంటే వీళ్లకు జీతం తక్కువ. తిరుగు ఓడ దొరికేదాకా తిండికీ పడకకూ దిక్కుండేది కాదు. చలికాలంలో వీధుల్లోనే ప్రాణాలు విడిచినవాళ్లున్నారు. ఆ గోడు పత్రికలకెక్కి, మిషనరీలు చందాలు పోగుచేసిన మీదట 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికులకోసం ‘స్ట్రేంజర్స్ హోమ్’ అనే సత్రం తెరిచారు. పంజాబు కోల్పోయి ఇంగ్లండులో ఉంటున్న దులీప్ సింగ్ దానికి 500 పౌండ్లు చందా ఇచ్చారు. ఆవిరి ఓడలొచ్చాక, నేటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంవాళ్ల సంఖ్య పెరిగింది. ఓడ అడుగున, బాయిలర్ల వేడిలో బొగ్గు వేసే పని వాళ్లది. ఆ పని భరించలేక లండన్‌లో ఓడ దిగి మళ్లీ ఎక్కనివాళ్లే తరవాతి తరానికి మొదటి చుట్టాలయ్యారు.

బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన తొలి భవనం లండన్‌లో లేదు. నైరుతిగా రైలెక్కి వెళ్లాల్సిన వోకింగ్‌లో 1889లో లేచింది. కట్టించిన డాక్టర్ లైట్నర్ ముస్లిం కాదు, లాహోరులో పనిచేసి వచ్చిన భాషావేత్త. ఖర్చులో పెద్ద వాటా భోపాలు బేగం షాజహానుది. ఆమె పేరే మసీదుకు పెట్టారు. పక్కనున్న ఇంటికి సాలార్ జంగ్ పేరు పెట్టారు. అలా తెలుగు నేలమీది ఒక దివాను పేరు సర్రే జిల్లా గోడ ఎక్కింది. 1899లో లైట్నర్ పోయాక మసీదుకు పెద్దగా వచ్చిపోయేవాళ్లు లేకుండా పోయారు. 1913 ప్రాంతంలో లాహోరు వకీలు ఖ్వాజా కమాలుద్దీన్ వచ్చి మళ్లీ దీపం పెట్టారు. ఆ తరవాత పండుగనాడు లండన్ నుంచి రైలెక్కి అక్కడికి వెళ్లడం ఆనవాయితీ అయింది.

వారానికొకసారి వచ్చే జుమ్మాకు రైలెక్కి ఎవరు పోగలరు? ఈ చిక్కు తీర్చడానికే 1910 నవంబరులో రిట్జ్ హోటల్లో పెద్దల సభ జరిగింది. పిలిచినవారు సయ్యద్ అమీర్ అలీ. కలకత్తా హైకోర్టు జడ్జీగా చేసి, ప్రీవీ కౌన్సిల్లో కూర్చున్న తొలి భారతీయుడు. సభలో లండన్ మాస్క్ ఫండ్ పుట్టింది. ట్రస్టీల్లో యూదు బ్యాంకరు లార్డ్ రాత్‌షైల్డ్ కూడా ఉన్నారు. నిధి పుట్టింది గానీ నింపేవాళ్లు తగినంతమంది దొరకలేదు. చాలా ఏళ్లపాటు ఆ డబ్బు నాటింగ్ హిల్ వైపు అద్దె గదుల్లో జుమ్మా జరపడానికే సరిపోయింది.

హైదరాబాదు ఇక్కడ రెండు దారుల్లో కలుస్తుంది. ఒకటి డబ్బు దారి. 1913లో ఇస్లాం స్వీకరించిన లార్డ్ హెడ్లీ వృత్తిరీత్యా ఇంజనీరు. మసీదు చందాలకోసం ఇండియా వచ్చి నిజాం దగ్గర 60,000 పౌండ్లు సాధించింది ఆయనే. రెండోది పుస్తకం దారి. నవలాకారుడు మార్మడ్యూక్ పిక్తాల్ 1917లో తాను ముస్లింనని లండన్‌లో బాహాటంగా ప్రకటించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీతో పోరు వద్దని వాదించి సొంత దేశస్థుల అనుమానం మూటగట్టుకున్న మనిషి. వోకింగ్‌లో కొంతకాలం ఇమాముగా ఉండి, బొంబాయిలో పత్రిక నడిపి, 1925లో హైదరాబాదు చేరి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాలయ్యారు. ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికానికి సంపాదకత్వం వహించారు. నిజాం సెలవిచ్చి ప్రోత్సహిస్తే ఖురాను అనువాదం ముగించి 1930లో అచ్చువేయించారు. లండన్ ముస్లిం ఇళ్లలో పిల్లలు తరతరాలుగా ఇంగ్లీషులో చదువుకున్న ఖురానుల్లో ఒకటి మూసీ ఒడ్డున రూపుదిద్దుకుందన్నమాట.

ఈస్ట్ ఎండ్‌వాళ్లు పెద్దలకోసం కాచుకు కూర్చోలేదు. 1934లో జమియతుల్ ముస్లిమీన్ అనే సంఘం పెట్టుకున్నారు. జుమ్మా నడపడం, జనాజాలు (అంత్యక్రియలు) చూసుకోవడం, పిల్లలకు చదువు చెప్పించడం దాని పనులు. ఈ సంఘం గొంతు కూడా ఎత్తింది. హెచ్.జి.వెల్స్ రాసిన ప్రపంచ చరిత్రలో ప్రవక్తను కించపరిచారంటూ 1938 ఆగస్టులో కింగ్స్ హాల్ దగ్గర ఒక ప్రతిని తగలబెట్టారు. తరవాత ఊరేగింపుగా ఆల్డ్‌విచ్‌లోని ఇండియా హౌస్‌కు వెళ్లి హైకమిషనర్ ఫిరోజ్ ఖాన్ నూన్‌కు వినతిపత్రం ఇచ్చారు. లండన్ వీధిలో పుస్తకం మీద ముస్లింల నిరసన 1980లలో పుట్టిందనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

చివరికి రిట్జ్ హోటల్లో పుట్టిన నిధే కమర్షియల్ రోడ్డులో వరసగా మూడు ఇళ్లు కొనిపెట్టింది. బాంబుల వర్షం వెలిసిన కొద్ది నెలలకు, 1941 ఆగస్టు 1న, ఈస్ట్ లండన్ మసీదు తెరుచుకుంది. గుమ్మటం లేదు, మినారు లేదు. ఆలోచన పుట్టి అప్పటికి 31 ఏళ్లు. యాజమాన్యం ఎవరిదన్న దానిమీద ట్రస్టీలకూ జమియత్‌కూ త్వరలోనే చెడింది. డబ్బు పెట్టినవాళ్ల మాటా, నమాజు చదివేవాళ్ల మాటా వేరువేరన్నది ఆ తగువులోని అసలు సంగతి.

నమాజు ఎక్కడైనా చదువుకోవచ్చు, తిండి అలా కాదు. మొదటి తరంవాళ్లు బతికున్న కోళ్లు కొని ఇంట్లోనే మతవిధి ప్రకారం కోసుకునేవారు (జబహ్), లేదా వీధి చివర యూదు కసాయి దగ్గర కోషర్ మాంసం తెచ్చుకునేవారు. ఈస్ట్ ఎండ్ అప్పటికి యూదుల పేట. పంది ముట్టని పొరుగువాడు దొరకడం చిన్న అదృష్టం కాదు. 1936లో బ్రిక్ లేన్ వైపు సిల్హెటీల కిరాణా కొట్టు తాజ్ స్టోర్స్ మొదలైంది. అదే రోజుల్లో ఆయుబ్ అలీ మాస్టర్ అనే సిల్హెటీ కమర్షియల్ స్ట్రీటులో షాజలాల్ అనే హోటలు నడిపారు. శాండీస్ రోలో ఆయన ఇంటి నంబరు 13. ఓడ దిగి పారిపోయిన కుర్రాడికి ఆ నంబరు తెలిస్తే చాలు. అన్నం, పడక, పోలీసు కాయితాలు, ఊరికి ఉత్తరం, మనియార్డరు అన్నీ అక్కడే అయ్యేవి.

చనిపోతే వెళ్లే చోటు మళ్లీ వోకింగ్ వైపే, బ్రూక్‌వుడ్ శ్మశానంలోని ముస్లిం విభాగం. 1936లో పిక్తాల్‌ను అక్కడే ఖననం చేశారు. ఇంగ్లీషు ఖురాను అంటే అంతకంటే ఎక్కువమందికి గుర్తొచ్చే అబ్దుల్లా యూసుఫ్ అలీ కూడా అక్కడే ఉన్నారు. బొంబాయిలో పుట్టి, ఐసీఎస్‌లో పనిచేసి, లండన్ మసీదు నిధికి ట్రస్టీగా ఉన్న మనిషి. 1953 డిసెంబరులో గడ్డకట్టే చలిలో, వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక ఇంటి గడప దగ్గర దిక్కులేని ముసలివాడిగా పోలీసులకు దొరికారు. ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన అనువాదం అప్పటికే దేశదేశాల అల్మరాల్లో ఉంది.

పెద్దల మసీదు కథ ఈలోగా మరో మలుపు తిరిగింది. 1940 అక్టోబరులో, యుద్ధం మధ్యలో, చర్చిల్ మంత్రివర్గం లండన్‌లో మసీదు స్థలానికి 1,00,000 పౌండ్లు కేటాయించింది. సామ్రాజ్యంలో ముస్లిం ప్రజలు, సైనికులు ఎందరో ఉన్నారు. వాళ్ల మనసు దక్కించుకోవాలన్న లెక్క అందులో ఉంది. కైరోలో ఆంగ్లికన్ కెథడ్రల్‌కు ఈజిప్టు స్థలమిచ్చిందన్న బదులు మర్యాదా ఉంది. 1944 నవంబరులో రీజెంట్స్ పార్కు అంచున ఇస్లామిక్ కల్చరల్ సెంటరును ఆరో జార్జి స్వయంగా ప్రారంభించారు. ఫ్రెడరిక్ గిబ్బర్డ్ గీసిన బంగారు వన్నె గుమ్మటం కింద మసీదు పూర్తయ్యేసరికి 1977 వచ్చింది.

అప్పటికి ఈస్ట్ ఎండ్ రూపం మారిపోయింది. 1962 వలస చట్టం తలుపు సగం మూయగానే, ముందే వచ్చిన మగవాళ్లు భార్యాపిల్లల్ని రప్పించుకోవడం మొదలుపెట్టారు. బట్టల కార్ఖానాల్లో కుట్టుపని, ఇరుకు అపార్టుమెంట్లు, బడిలో రెండు భాషల పిల్లలు. బ్రిక్ లేన్ మూలన 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంటులు కట్టుకున్న ప్రార్థనామందిరం 1819లో మెథడిస్టులకు, 1898లో యూదులకు వెళ్లి, 1976లో మసీదయింది.

ఆ వీధులు చల్లగా ఉండలేదు. 1978 మే 4 సాయంత్రం పని ముగించుకుని వస్తున్న అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ యువ కార్మికుణ్ని వైట్‌చాపెల్ దగ్గర పొడిచి చంపారు. పది రోజుల తరవాత వేలమంది ఆయన శవపేటిక వెనక వైట్‌హాల్ దాకా నడిచారు. తలవంచుకుని పోయే తండ్రుల తరం, తిరగబడే కొడుకుల తరం అప్పుడే వేరుపడ్డాయి. పక్కనున్న పార్కుకు 1998లో ఆయన పేరు పెట్టారు.

కమర్షియల్ రోడ్డు మూడిళ్లనూ 1975లో నగరపాలన తీసేసుకుంది. 1985లో వైట్‌చాపెల్ రోడ్డులో గుమ్మటంతో, మినారుతో కొత్త మసీదు లేచింది. లౌడ్‌స్పీకరులో అజాన్ ఏమిటని కొందరు ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, చర్చి గంటలకు లేని అడ్డు మాకెందుకని మసీదు పెద్దలన్నారు. వెనకనే ఉన్న ఫీల్డ్‌గేట్ వీధి యూదు మందిరం జనం తగ్గి మూతబడగా, 2015లో దాన్నీ మసీదే కొనుక్కుంది.

బయటివాళ్లు ‘ముస్లింల అభిప్రాయం’ అని ఏకవచనంలో అడుగుతారు. లండన్‌లో అది ఏనాడూ ఒకటిగా లేదు. 1989 మే 27న, ప్రవక్తను కించపరిచిందంటూ సల్మాన్ రష్దీ నవలకు వ్యతిరేకంగా వేలమంది పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, ఎదురుగా ‘విమెన్ అగెయిన్‌స్ట్ ఫండమెంటలిజం’ స్త్రీలు ప్లకార్డులు పట్టుకున్నారు. మా తరఫున మాట్లాడటానికి మీరెవరని వాళ్లు అడిగింది మతపెద్దల్నే. మాంసం కొట్టు దగ్గరా ఏకాభిప్రాయం లేదు. కోసేముందు జంతువుకు విద్యుత్తు షాకిచ్చి స్పృహ తప్పించవచ్చా అన్నది ప్రశ్న. ప్రాణం పోనంతవరకు ఫరవాలేదని 1994లో పుట్టిన ఒక సంస్థ ముద్ర వేస్తుంది, అసలు కుదరదని 2003లో వచ్చిన మరొకటి వేరే ముద్ర వేస్తుంది. ఏ ముద్ర చూసి కొంటారన్నదాన్ని బట్టి ఇంటి ధోరణి కొంత తెలిసిపోతుంది.

2021 జనగణన ప్రకారం లండన్ జనాభాలో ముస్లింలు 15 శాతం, పదమూడు లక్షల పైచిలుకు. ఈస్ట్ ఎండ్ ఉన్న టవర్ హ్యామ్లెట్స్‌లో దాదాపు 40 శాతం. ఇంతమంది దినచర్యనూ శాసించేది అక్కడి సూర్యుడే. డిసెంబరులో నాలుగు గంటల లోపే సూర్యుడు కుంకుతాడు కాబట్టి జొహర్, అసర్, మగ్రిబ్ నమాజులు మూడూ ఆఫీసు వేళలోనే వచ్చిపడతాయి. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదీ ఇరవై. ఆ నెలలో రంజాన్ వస్తే ఉపవాసం 18 గంటలు దాటుతుంది, ఆ రాత్రుల్లో పూర్తి చీకటే పడదు. రాత్రి నమాజు ఇషా ఎప్పుడు, ఉపవాసానికి ముందు తినే సెహరీ ఎప్పుడు ఆపాలి అన్నది అక్కడ ఖగోళశాస్త్రం, ఫిఖా (ఇస్లామీ ధర్మశాస్త్రం) కలిసి తేల్చాల్సిన లెక్క. పెద్ద మసీదులు కూర్చుని నగరమంతటికీ ఉమ్మడి వేళల పట్టిక వేసుకున్నాయి.

పండుగ ఎప్పుడో తేల్చే నెలవంక మీద మాత్రం రాజీ కుదరలేదు. మబ్బు పట్టిన ఆకాశంలో చంద్రుడు కనబడడు. కొన్ని మసీదులు సౌదీ ప్రకటనను పాటిస్తాయి, కొన్ని మొరాకో కబురుకోసం చూస్తాయి. ఒకే వీధిలో ఒకరింట సేమ్యా ఉడుకుతుంటే పక్కింట ముప్పయ్యో ఉపవాసం నడుస్తూ ఉంటుంది. 2006లో లండన్ మేయరు కార్యాలయం ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఈద్ ఉత్సవం మొదలుపెట్టింది. 2016 నుంచి ఆ కుర్చీలో ఉన్నది టూటింగ్‌లో పుట్టిన పాకిస్తానీ బస్సు డ్రైవరు కొడుకు సాదిక్ ఖాన్. ఆ ఉత్సవాన్ని సాధారణంగా పండుగ దాటాక వచ్చే వారాంతంలో పెడుతున్నారు. అప్పటికి రెండు నెలవంకలవాళ్లకూ ఉపవాసాలు అయిపోయి ఉంటాయి.