నీళ్ల చరిత్ర - 7: క్వారీ దరఖాస్తులో మన బోరు ఎక్కడ?



పోయిన నెల ప్రకాశం జిల్లాలోని ఒక ఊరి నుంచి డిగ్రీ చదివే పిల్లలు నలుగురు కాగితాల కట్ట పట్టుకుని వచ్చారు. వాళ్ల పల్లె వెనక గుట్ట మీద రాయి తియ్యడానికి ఎవరో పెట్టుకున్న దరఖాస్తు అది. విస్తీర్ణం 5 హెక్టార్లకు కాస్త తక్కువ. నీటి అవసరం అన్న చోట ఒక అంకె ఉంది. ఎక్కడి నుంచి తెస్తారు అన్న చోట ‘ట్యాంకర్లు’ అని ఉంది. అంతే.

“అన్నా, పేజీలన్నీ తిరగేశాం. మా మాదిగపల్లె బోరు ఎక్కడా లేదు” అన్నాడు ఒక తమ్ముడు.

ఆ బోరు గుట్ట కిందే ఉంది. పల్లె మొత్తం తాగేది ఆ నీళ్లే. కాగితంలో మాత్రం లేదు. ఈ లేకపోవడం వెనక చాలా పాత చరిత్ర ఉంది. ఈ భాగంలో అది చెప్పుకుందాం.

మన నీళ్ల పోరాటంలో మొదటిది ముట్టుకునే హక్కు. ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా చవదార్ చెరువు తెరిచామని కాగితం మీద రాసుకుంది. కాగితం తెరుచుకుంది గానీ చెరువు తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. ఆ రోజే మనవాళ్ల మీద దాడి జరిగింది. బావుల్నీ చెరువుల్నీ వాడుకోవడంలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని ఆ తర్వాత రాజ్యాంగం 15వ అధికరణలో రాసుకున్నాం.

రెండోది, మన నీళ్లు మురికి కాకుండా కాపాడుకునే హక్కు. 1985 జులై 16న కారంచేడులో మాదిగపల్లె తాగే చెరువు దగ్గర, గేదెల కుడితి బక్కెట్లు కడిగి ఆ మురికి నీళ్లలోకి వదిలారు. అది తప్పని అడిగినవాణ్ణి కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మరునాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చీరాల శిబిరం, దళిత మహాసభ ఆ నెత్తుటి నుంచే పుట్టాయి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక కారంచేడు లాంటి ఊళ్ల నెత్తురుంది. మనం వాడుకునే నీటిని పాడు చేయడం ఆ చట్టంలో నేరం. అందులో ఇంకో మాట కూడా ఉంది: నీటి మీద మనకున్న హక్కును అనుభవించనివ్వకుండా అడ్డుపడటమూ నేరమే. ఈ రెండో మాటను మనం ఇంకా సరిగ్గా చదవలేదు.

ఎందుకంటే ఇప్పుడు మన ముందున్నది మూడో పోరాటం. బావి దగ్గరికి రానిస్తున్నారు. బావిలోనే నీళ్లు ఉండవు.

అప్పట్లో కారంచేడు ఉన్న ప్రకాశం జిల్లాలోనే చీమకుర్తి ఉంది. అక్కడి నల్లరాయిని బ్లాక్ గెలాక్సీ పేరుతో దేశదేశాలకు అమ్ముతారు. ఇలాంటి గట్టిరాయి నేలలో నీళ్లు ఇసుకలో ఉన్నట్టు పరుచుకుని ఉండవు. పైన మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో ఉంటాయి. మన బోరుకు అందేది ఆ పగుళ్ల నీరే. క్వారీ గొయ్యి నీటిమట్టం దాటి లోతుకు దిగి అదే పగులును కోస్తే నీళ్లు గొయ్యిలోకి ఊరుతాయి. పని సాగాలంటే మోటార్లు పెట్టి వాటిని బయటికి తోడెయ్యాలి. రాయి కోసే వైరుకీ, దుమ్ము అణచడానికీ వాడే నీళ్లు దరఖాస్తులో కనిపిస్తాయి. తోడిపారేసే నీళ్లు వాడకం కింద కనిపించవు. అసలు దెబ్బ అక్కడే తగులుతుంది.

ఇక ‘చిన్న’ అనే మాట చరిత్ర చూడండి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 5 హెక్టార్ల లోపు గనికి ముందస్తు పర్యావరణ అనుమతే అక్కర్లేదు. పెద్ద గనిని ముక్కలు చేసి చిన్నవిగా చూపించే దారి అలా దొరికింది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న ఖనిజాల లీజు 5 హెక్టార్ల లోపుదైనా అనుమతి తీసుకోవాల్సిందే అంది. 2016 జనవరిలో కేంద్రం ఆ పని జిల్లా స్థాయికి దించి, 5 హెక్టార్ల లోపు వాటికి ఫారం 1ఎం అనే విడి దరఖాస్తు పెట్టింది. విడిగా ఉన్న చిన్న గనికి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. అంటే పల్లెను ఎవరూ అడగరు. 5 నుంచి 25 హెక్టార్ల వాటికి మాత్రం అది ఉండాల్సిందేనని 2018 సెప్టెంబర్ 13న జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది.

2006 నోటిఫికేషన్ ఫారం 1లో నీటి దగ్గర ఒక మంచి ప్రశ్న ఉంది: నీరు ఎక్కడిది, దానికి పోటీగా ఉన్న వాడకందార్లు ఎవరు? ఆ వాడకందారు మన పల్లే. ఆ ప్రశ్నకు జవాబు క్వారీ యజమాని రాయకపోతే మనం రాయాలి.

ఆ పిల్లలకు చెప్పిందే మీకూ చెప్తున్నా. దరఖాస్తు పరివేష్ పోర్టల్లో వెతకండి, దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. పల్లెలోని ప్రతి బోరు, బావి, చెరువుకు లోతు కొలవండి, గుట్ట నుంచి దూరం కొలవండి. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి నీటిమట్టం తేదీతో రాసిపెట్టండి. రేపు బోరు ఎండితే మీ సాక్ష్యం ఆ నోటుబుక్కే. తర్వాత నాలుగే ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి. గొయ్యి ఎంత లోతు, నీటిమట్టం ఎంత లోతు? ఊరిన నీళ్లు ఎక్కడికి తోడతారు? ట్యాంకర్ నీళ్లు ఎవరి బోరువి? 500 మీటర్ల లోపున్న క్వారీలన్నీ కలిపితే ఎన్ని హెక్టార్లు?

రాయి తియ్యొద్దని నేను అనడం లేదు. ఆ క్వారీల్లో డ్రిల్లు పట్టేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. పగలు కూలి ఇచ్చిన గొయ్యి రాత్రికి ఇంట్లో బిందె ఖాళీ చేస్తే ఆ కూలికి అర్థం లేదు.

సువార్త ఆ రోజు బిందె ఎత్తింది. మీరు నోటుబుక్కు ఎత్తండి.

వచ్చే భాగంలో చెరువు శిఖం భూముల సంగతి.

జై భీమ్.