కృష్ణా గోదావరుల నడుమ, 1819

మంగళగిరి హైస్కూల్లో భూగోళం చెప్పిన రోజుల్లో టోపోషీటు పరిచి, పిల్లల చేత కాంటూరు గీతల మీద వేలు పెట్టించేవాణ్ణి. ఆ గీతల వెనక మనుషులున్నారు.

ఆంగ్లేయ సర్వేయరు లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, 1819 నాటికి కృష్ణా గోదావరుల మధ్య నైజాం అడవుల్లోకి చేరింది. ఆ పని లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్టుకు అప్పగించారు. త్రికోణం కుదరాలంటే ఒక కొండ మీంచి ఇంకో కొండ కనబడాలి. అడ్డొచ్చిన చెట్లు నరకాలి, శిఖరాన జెండా నిలపాలి, అప్పుడు థియోడొలైటుతో కోణం కొలవాలి. వానాకాలంలో గాలి తేటపడి దూరపు గుట్టలు కనిపిస్తాయి. జ్వరాలకూ అదే కాలం. ఎవరెస్టు, సర్వే బృందపు డాక్టర్ వాయిసీ, కూలీలు, జెండా మనుషులు వరసగా మంచం పట్టారు. కొందరు చనిపోయారు. అప్పట్లో ఆ జ్వరాలను అడవిగాలి దోషమనుకున్నారు. మలేరియా గుట్టు రొనాల్డ్ రాస్ విప్పింది 1897లో, మన సికింద్రాబాదులోనే.

ఎవరెస్టు కోలుకోవడానికి 1820లో గుడ్‌హోప్ అగ్రానికి ఓడెక్కాడు. 1865లో హిమాలయ శిఖరానికి ఆయన పేరు పెట్టారు. ఆ కాలపు మరో సర్వేయరు కాలిన్ మెకంజీ వెంట నడిచిన మన కావలి వెంకట బొర్రయ్యను చరిత్రకారులు తలుచుకుంటారు. గుట్టల మీద జెండాలు పట్టుకు నిలబడ్డవాళ్లూ మన పిల్లల పాఠంలోకి రావాలి.