తాలూకా గీత: బళ్లారి లోక్‌సభ స్థానం హద్దుల చరిత్ర

బళ్లారి లోక్‌సభ స్థానం అనగానే చాలామందికి 1999 గుర్తొస్తుంది. సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ తలపడ్డారు. సోనియా 56,100 ఓట్ల తేడాతో గెలిచి, అమేఠీని ఉంచుకుని బళ్లారిని వదులుకున్నారు. 2000లో ఉపఎన్నిక వచ్చింది. ఆ పోటీ కన్నా ఈ స్థానం హద్దులే లోతైన చరిత్ర చెబుతాయి. 1953లో రాష్ట్రాల పంపకానికి తాలూకాను కొలమానంగా పెట్టుకున్నారు. ఇక్కడ ఎవరు పోటీ చెయ్యవచ్చో, ఏ ఊరి ఓటు ఎక్కడ పడాలో నేటికీ చాలావరకు ఆ కొలమానమే తేలుస్తోందని ఈ వ్యాసం వాదన.

1800లో నిజాం ఈస్టిండియా కుంఫిణీకి అప్పగించిన దత్తమండలాల నుంచి 1808లో బళ్లారి, కడప జిల్లాలు ఏర్పడ్డాయి. 1882లో బళ్లారి నుంచి అనంతపురం విడివడింది. 1949లో ఘోర్పడేల సండూరు సంస్థానం వచ్చి కలిసింది. ఈ గీతలన్నీ పాలన సౌకర్యం కోసం గీసినవే. ఊళ్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ పట్టలేదు. కాంగ్రెసు తన ప్రాంతీయ కమిటీలను భాషల ప్రకారం విడదీశాకే ఆ ప్రశ్న లేచింది. ఆంధ్ర, కర్ణాటక కమిటీల మధ్య తగువు తీర్చడానికి 1921లో ఎన్.సి. కేల్కర్ మధ్యవర్తిత్వం చేయవలసి వచ్చింది.

1952 డిసెంబరు 15న ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ చేసిన తర్వాత ఆ తగువు మళ్లీ తెరమీదికొచ్చింది. ఆ రాష్ట్ర ఏర్పాటుపై జస్టిస్ వాంఛూ నివేదిక తర్వాత బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతావి మైసూరుకు అని కేంద్రం నిర్ణయించింది. బళ్లారి తాలూకా మాత్రం తేలలేదు. దాని సంగతి తేల్చే పని జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాకు అప్పగించగా, ఆయన నివేదిక మైసూరు వైపు మొగ్గింది. 1953 అక్టోబరు 1న పంపకం అమలైంది. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపిన ఊరు, నటుడు బళ్లారి రాఘవ పెరిగిన ఊరు తెలుగు రాష్ట్రానికి బయట నిలిచింది. చుట్టుపక్కల పల్లెల్లో కన్నడ బలం ఎంత నిజమో, ఆ పట్నంతో తెలుగు నాటకానికి ఉన్న అనుబంధం అంత నిజం. తాలూకా మొత్తాన్ని ఒకే ముద్దగా తూచే పద్ధతిలో ఈ రెండు నిజాలకూ చోటు దొరకదు. ఊరు ఊరునూ విడిగా చూసి ఉంటే గీత ఇంత తిన్నగా వచ్చేది కాదు, కానీ న్యాయానికి దగ్గరగా ఉండేది.

1952లో ఈ స్థానం మద్రాసు రాష్ట్రంలో ఉంది. గెలిచింది కాంగ్రెసు అభ్యర్థి టేకూరు సుబ్రహ్మణ్యం. పదవీకాలం నడుమ, ఆయన ఉన్నచోటే ఉండగా, నియోజకవర్గం మైసూరుకు మారింది. 1957లో, 1962లో ఆయనే మళ్లీ గెలిచారు. రాష్ట్రం మారినా స్థానం, మనిషి మారలేదు. ఈలోగా 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు వేసిన ఫజల్ అలీ కమిషన్ భాష కన్నా నీటికి ఎక్కువ బరువు ఇచ్చింది. తుంగభద్ర ప్రాజెక్టు దృష్టితో బళ్లారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఆనకట్ట కర్ణాటక నేల మీద ఉండిపోయింది, ఎగువ కాలువ నీళ్లు అనంతపురానికీ దిగువ కాలువ నీళ్లు కర్నూలుకూ పారుతున్నాయి. నీటికి ఉమ్మడి బోర్డు ఏర్పడింది గానీ ఓటుకు అలాంటి ఏర్పాటు ఉండదు.

2008 నియోజకవర్గాల పునర్విభజన మరో లెక్క తెచ్చింది. కర్ణాటకలో 224 శాసనసభ స్థానాలు, 28 లోక్‌సభ స్థానాలు. అంటే ఒక్కో ఎంపీ కింద ఎనిమిది. అప్పటి బళ్లారి జిల్లాకు తొమ్మిది దక్కాయి. తొమ్మిదోది ఎక్కడికో పోక తప్పదు. అలా సిరుగుప్ప కొప్పళ స్థానంలో చేరింది. హరపనహళ్లి 1997 నుంచి దావణగెరె జిల్లాలో ఉన్నందున ఆ లోక్‌సభ స్థానంలోనే కలిసింది. 2018లో అది తిరిగి బళ్లారి జిల్లాకు వచ్చింది, 2021లో కొత్త విజయనగర జిల్లాలో చేరింది, అయినా అక్కడి ఓటు ఇప్పటికీ దావణగెరెకే. జర్మనీలో ఒక నియోజకవర్గం జనాభా సగటుకు పాతిక శాతం మించి తేడా పడితే హద్దులు మార్చి తీరాలని చట్టం చెబుతుంది, ప్రత్యేక కమిషన్ క్రమం తప్పకుండా పరిశీలిస్తుంది. మన దగ్గర జిల్లాలు మారుతూనే ఉంటాయి, నియోజకవర్గాలు మాత్రం దశాబ్దాల పాటు కదలవు.

2008 పునర్విభజన ఉత్తర్వే బళ్లారి లోక్‌సభ స్థానాన్ని షెడ్యూల్డు తెగలకు కేటాయించింది. దాని కింది ఎనిమిది శాసనసభ స్థానాల్లో బళ్లారి గ్రామీణం, కంప్లి, సండూరు, కూడ్లిగి కూడా ఎస్టీలవే. కర్ణాటకలో వాల్మీకి నాయక సముదాయం ఎస్టీ జాబితాలో ఉంది. గీత దాటి రాయదుర్గం, ఆలూరు, ఆదోని వైపు వస్తే అదే సముదాయం బోయలన్న పేరుతో బీసీ జాబితాలో ఉంది. పెళ్లి సంబంధాలు గీతకు రెండు వైపులా నడుస్తాయి. బళ్లారి వైపు కుటుంబం రిజర్వుడు స్థానంలో నామినేషన్ వేయవచ్చు, రాయదుర్గంలోని వియ్యంకుడికి ఆ హక్కు లేదు. బోయలను ఎస్టీల్లో చేర్చాలన్న కోరిక ఆంధ్ర వైపు ఏళ్లుగా ఉన్నదే. 1953లో తాలూకాలు పంచినవారు ఈ పర్యవసానాన్ని ఊహించి ఉండరు. దాన్ని మోస్తున్నది మాత్రం ఈ కుటుంబాలే.

2026 తర్వాతి తొలి జనగణన మీద ఆధారపడి పునర్విభజన జరిగితే లెక్క మళ్లీ మారుతుంది. ఇప్పుడు బళ్లారి జిల్లాలో అయిదు శాసనసభ స్థానాలు, విజయనగరలో అయిదు. పాత కొలత ప్రకారమైతే రెండు బయటికి పోవాలి. సిరుగుప్పను తుంగభద్ర అవతలి కొప్పళలోనే ఉంచుతారా, హరపనహళ్లిని దావణగెరెకే వదిలేస్తారా అన్నది కమిషన్ ముందుకొచ్చే మొదటి ప్రశ్న. ఈసారి విచారణలు జరిపేటప్పుడు రూపనగుడి, మోకా వంటి సరిహద్దు ఊళ్లకు కూడా వెళ్లి, తాలూకా లెక్కలతో సరిపెట్టకుండా అక్కడివాళ్ల మాట వినాలి.